కర్నూలు డిగ్రీ చిన్నది కాదు

డిగ్రీ పరీక్షలు అయిపోగానే పిల్లల్ని అమీర్‌పేటకో బెంగళూరుకో బస్సెక్కించడం మన కర్నూలు, కడప జిల్లాల్లో ఆనవాయితీ అయిపోయింది. "ఈడ చదివిన డిగ్రీకి ఎవరు విలువిస్తారు సార్, రెజ్యూమెలో ఏదో ఒక కోర్సు పేరు పడాల" అంటారు తల్లిదండ్రులు. ఆ కోర్సు కోసం బంగారం కుదువపెట్టిన ఇళ్లున్నాయి. తీరా చూస్తే కాగితం మీద కోచింగ్ సెంటర్ పేరు పైన, యోగి వేమన విశ్వవిద్యాలయం పేరు అట్టడుగున ఉంటుంది. ఇది నాకు మింగుడుపడదు.

ఈమధ్య పత్తికొండ వైపు నుంచి ఒక బీఎస్సీ అమ్మాయి రెజ్యూమె తెచ్చింది. మొదట నెట్‌లోంచి దించిన నాలుగు వరుసల 'కెరీర్ ఆబ్జెక్టివ్'. తర్వాత తండ్రి పేరు, పెళ్లయిందా లేదా, హాబీలు. చదువు రెండో పేజీ చివర ఉంది. మొదటి ఏడాది సెలవుల్లో సొంతూళ్లో బోర్ల మీద సర్వే చేసిందట. ఆ ముక్క ఎక్కడా లేదు. ఎందుకు రాయలేదంటే "అది కాలేజీవాళ్లు చేయమన్న పని కదా సార్" అంది.

అదే అసలు సరుకు! 2020-21లో మారిన డిగ్రీ సిలబస్‌లో 10 నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మొదటి ఏడాది తర్వాత 2 నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత మరో 2 నెలలు, ఆపైన ఒక సెమిస్టరంతా. చాలామంది రికార్డు మీద సంతకం పెట్టించుకుని దాన్ని మరచిపోయారు. నిజంగా చేసినవాళ్లు మాత్రం డిగ్రీ పేరు కిందే రాయాలి. ఏ ఊరు, ఏం అడిగారు, ఏం తేలింది అన్నది రెండు వరుసల్లో చాలు. ఆ అమ్మాయి చేత "మా ఊరి బోర్ల లోతు, అవి ఎండిన నెలలు ఇంటింటా అడిగి ఎక్సెల్‌లో పట్టిక చేశాను" అని రాయించాను. దాని మీద ఎవరేం అడిగినా తడుముకోకుండా చెబుతుంది.

ఉద్యోగానుభవం లేనివాళ్లకు చదువే ముందు రావాలి, అందులోనూ చివర చదివింది పైన. విశ్వవిద్యాలయం, కాలేజీ, పాసైన ఏడాది, సీజీపీఏ రాస్తే చాలు. శాతం అడిగితే మీ విశ్వవిద్యాలయం ఇచ్చిన సూత్రంతోనే కట్టండి, ఊరికే పదితో హెచ్చవేయకండి. 2020లో కోవిడ్ వల్ల టెన్త్ పరీక్షలు రద్దయిన బ్యాచ్ వాళ్లు మెమోలో ఏముంటే అదే రాయాలి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ పిల్లలకు ఇంటర్ స్థానంలో రెండేళ్ల పీయూసీ ఉంటుంది. బయటి రాష్ట్రాల హెచ్‌ఆర్‌లకు అది తెలియదు కాబట్టి ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సని విడమరచి చెప్పండి.

ఇక నాకు ఒళ్లు మండే విషయం దొంగ అనుభవం. డబ్బు కడితే రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామనే కన్సల్టెన్సీలకు అప్పు తెచ్చి మరీ కడుతున్నారు. పీఎఫ్ ఖాతా యూఏఎన్ నంబరు చూస్తే ఎవరు ఎక్కడ, ఎప్పుడు పనిచేశారో కంపెనీకి తెలిసిపోతుంది. చేరిన ఆరు నెలలకు దొరికినా ఇంటికి పంపిస్తారు. కట్టిన డబ్బు రాదు సరికదా, ఆ మచ్చ పిల్లల మీదే మిగులుతుంది. పక్కింటి అబ్బాయికి ప్యాకేజీ వచ్చిందని ఇరవై ఒక్కేళ్ల పిల్లల చేత అబద్ధం మీద సంతకం పెట్టించడం వాళ్లకు చేసే అన్యాయం.

అనుభవమే కావాలంటే అప్రెంటిస్‌షిప్ చేయించండి. నేను మొదట చెప్పే దారి అదే. కేంద్ర ప్రభుత్వ నాట్స్ పోర్టల్‌లో ఇంజినీరింగ్ వాళ్లే కాదు, మామూలు డిగ్రీ వాళ్లు కూడా పైసా కట్టకుండా పేరు నమోదు చేసుకోవచ్చు. శిక్షణ సాగినన్నాళ్లూ స్టైపెండ్ ఇస్తారు. అది ముగిశాక వచ్చే సర్టిఫికెట్‌ను రెజ్యూమెలో డిగ్రీకి పైన పెట్టుకోవచ్చు.