అలుగు: దేవుడు తొడిగిన కవచం, మనిషి కట్టిన ధర



అలుగు అనగానే చాలామందికి చెరువు నిండినప్పుడు నీళ్ళు పొర్లిపోయే చోటు గుర్తొస్తుంది. అదే పేరుతో మన అడవుల్లో ఒక జంతువు కూడా ఉంది. ఇంగ్లీషులో పాంగోలిన్ అంటారు. నల్లమలలో, తూర్పు కనుమల్లో ఉంటుంది గానీ ఎక్కువగా రాత్రిపూటే తిరుగుతుంది కాబట్టి మనకి కనబడటం అరుదు. ఈ రోజు పాఠం దాని గురించే.

1. దాని శరీరం

పిల్లలకి పాలిచ్చి పెంచే జంతువుల్లో ఒంటినిండా ఇలాంటి పొలుసులు ఉన్నది ప్రపంచం మొత్తం మీద అలుగు జాతికి ఒక్కదానికే. ఆసియాలో 4 రకాలు, ఆఫ్రికాలో 4 రకాలు, మొత్తం 8. పొలుసులు ఇంటి కప్పు మీద పెంకులు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మన గోళ్ళలో ఉండే కెరాటిన్ అనే పదార్థమే వాటిలోనూ ఉంటుంది.

నోట్లో ఒక్క పన్ను కూడా లేదు. దాని ఆహారం చీమలు, చెదలు. ముందుకాళ్ళ గోళ్ళతో పుట్టని తవ్వి, జిగురుగా ఉండే పొడవాటి నాలుకని లోపలికి పంపుతుంది. ఆ నాలుక మొదలు గొంతులో కాదు, ఛాతీ లోపల చివరి పక్కటెముకల దాకా వెళ్తుంది. మరి నమలడం ఎలా? చిన్న చిన్న రాళ్ళు మింగుతుంది, అవి కడుపులో తిరగలిలా పని చేస్తాయి. చీమలు దూరకుండా తినేటప్పుడు ముక్కు రంధ్రాలు, చెవులు మూసుకుంటుంది.

నేను సాఫ్ట్‌వేర్ పని చేసేవాణ్ణి. ఒక చోట ఒక భాగం తీసేస్తే ఇంకో నాలుగు చోట్ల దానికి తగ్గట్టు మార్చాలని మాకు రోజూ అనుభవమే. ఇక్కడ పళ్ళు లేవు, కానీ నాలుక, కడుపు, గోళ్ళు, ముక్కు అన్నీ దానికి తగ్గట్టే ఉన్నాయి. ఇది ఎలా వచ్చిందో శాస్త్రవేత్తలు పరిణామక్రమంతో వివరిస్తారు. ఆ వాదనలో గెలవడానికి నేను ఈ పాఠం రాయడం లేదు. నా ప్రశ్న వేరు. ఈ జంతువు ఎవరిది?

2. యోబుకి దేవుడు చూపించినవి

యోబు గ్రంథం 38 నుండి 41 అధ్యాయాలు తీసి చదవండి. బాధలో ఉన్న యోబు దేవుణ్ణి ప్రశ్నించాడు. దేవుడేమో అతనికి అడవి జంతువుల్ని చూపించాడు. అడవిగాడిద బరువు మోయదు, గురుపోతు నాగలి దున్నదు. వాటిలో చాలావరకు యోబుకి ఎందుకూ పనికిరావు. అయినా దేవుడు వాటి గురించి ఎంతో ఇష్టంగా మాట్లాడాడు. 41వ అధ్యాయంలో మకరం పొలుసులు ఎంత దగ్గరగా అతుక్కుని ఉన్నాయో ఆయనే వర్ణిస్తాడు. ఆ మకరమే అలుగు అని నేను చెప్పడం లేదు, వాక్యాన్ని అలా లాగకూడదు. కానీ ఒక జంతువు ఒంటి మీది పొలుసుల్ని కూడా గమనించే దేవుడు మన దేవుడు. మనకి పనికొస్తేనే విలువ అన్న లెక్క ఆయనది కాదు.

3. ఆ కవచం ఓడిపోయే చోటు

ప్రమాదం వస్తే అలుగు బంతిలా చుట్టుకుంటుంది. పిల్ల ఉంటే తల్లి దాన్ని పొట్ట దగ్గర దాచుకుని చుట్టుకుంటుంది. చిరుతలు, సింహాలు కూడా చాలాసార్లు విప్పలేక వదిలేస్తాయి. మనిషికి మాత్రం విప్పాల్సిన పనే లేదు. బంతిని ఎత్తినట్టు ఎత్తి సంచిలో వేసుకుంటాడు. పులి నుండి కాపాడిన కవచమే దాన్ని మనిషి చేతికి అప్పగిస్తుంది.

ఎందుకు పట్టుకుంటారు? మాంసానికి, ఇంకా ఎక్కువగా పొలుసులకి. అవి మందు అని, తాయెత్తు అని నమ్మేవాళ్ళున్నారు. గోళ్ళలో ఉండే పదార్థంతో రోగం తగ్గుతుందనడానికి రుజువు లేదు. 2016లో జొహన్నెస్‌బర్గ్‌లో జరిగిన సమావేశంలో దేశాలు 8 రకాల అలుగుల అంతర్జాతీయ వ్యాపారాన్నీ నిషేధించాలని నిర్ణయించాయి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పులి ఉన్న మొదటి షెడ్యూల్‌లోనే అలుగు కూడా ఉంది. వేటాడితే 3 నుండి 7 ఏళ్ళ జైలు. అయినా దొంగవ్యాపారం ఆగలేదు. అలుగు సాధారణంగా ఒక కాన్పుకి ఒక్క పిల్లనే కంటుంది కాబట్టి పోయినవాటి లోటు తొందరగా తీరదు.

లూకా సువార్త 12వ అధ్యాయంలో యేసుప్రభువు పిచ్చుకల గురించి మాట్లాడాడు. బజారులో అతి చవకగా అమ్ముడుపోయే పిట్టల్లో ఒక్కదాన్ని కూడా తండ్రి మరచిపోడని చెప్పాడు. బజారు దానికి ధర కట్టింది, తండ్రి దాన్ని గుర్తు పెట్టుకున్నాడు. అలుగు విషయంలోనూ అంతే.

4. ఏలడం అంటే

దేవుడు మనిషిని భూమిని ఏలమన్నాడు కదా అని కొందరు అడుగుతారు. నిజమే, ఆదికాండము 1లో ఉంది. కానీ 2వ అధ్యాయం 15వ వచనం కూడా చూడండి. తోటని సాగు చేయమన్నాడు, దాన్ని కాయమన్నాడు. ఆఫీసులో నాకు సర్వర్ మీద అడ్మిన్ యాక్సెస్ ఇచ్చారంటే సర్వర్ నాదైపోయిందని కాదు. అది సరిగ్గా నడిచేలా చూసే బాధ్యత నాది, ఏం చేశానో లెక్క చెప్పాల్సిందీ నేనే. సృష్టిని చూసి "దేవుడు గొప్పవాడు" అని పాట పాడి, ఆయన చేసినదాన్ని తాయెత్తుకోసం కొంటే ఆ స్తుతికి అర్థం ఏముంది?

5. మనం చేయగలిగినవి

అలుగు కనబడితే పట్టుకోవద్దు. అటవీశాఖవారికి చెప్పండి. ఎక్కడ కనబడిందో గుర్తుపట్టేలా ఫోటోలు గ్రూపుల్లో పెట్టొద్దు. పొలుసులతో చేసిన ఉంగరం గానీ మందు గానీ ఎవరైనా ఇస్తే తీసుకోవద్దు. మన కాపుదల ప్రభువు దగ్గర ఉంది, పొలుసులో లేదు.

ఇంకొక్క మాట. అడవిలో దాన్ని పట్టేవాడు చాలాసార్లు పేదవాడు, పెద్ద లాభం తినేది మధ్యలో ఉన్న వ్యాపారి. సిటీలో ఏసీ గదిలో కూర్చుని ఆ పేదవాణ్ణి తిట్టడం తేలిక. అతని ఆకలి కూడా ప్రభువుకి తెలుసు. అడవి పక్క ఊళ్ళలో ఉన్న మన సంఘాలు అలుగు గురించి చెప్పేటప్పుడు, అతనికి వేరే బ్రతుకుతెరువు చూపించే ప్రయత్నం కూడా చేయాలి.

ప్రార్థన: తండ్రీ, మాకు పనికిరానివాటిని కూడా ప్రేమించే నీ మనసు మాకివ్వు. నీవు మా చేతికి అప్పగించినదాన్ని పాడుచేయకుండా కాసేవాళ్ళుగా మమ్మల్ని చేయమని యేసు నామంలో అడుగుతున్నాం. ఆమెన్.