గుండె బలహీనపడిన వారికి నడకే వైద్యం



మన ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో జరిగిన మరణాలపై ఒక అధ్యయనం 2006లో వెలువడింది. ప్రతి వంద మరణాల్లో సుమారు 32 గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే అని అందులో తేలింది. అంటే ఇది పట్నం వారి జబ్బు మాత్రమే కాదు, మన ఇళ్ళలోని జబ్బు కూడా.

హార్ట్ ఫెయిల్యూర్ అంటే ఏమిటి?

గుండె ఆగిపోవడం కాదు. శరీరానికి కావలసినంత రక్తాన్ని గుండె పంపు చేయలేకపోవడం. ఆయాసం, కాళ్ళ వాపు, నీరసం దీని లక్షణాలు. గుండెపోటు, అధిక రక్తపోటు, కవాటాల జబ్బు ముఖ్య కారణాలు.

పడుకోబెట్టడం మంచిదేనా?

ఒకప్పుడు వైద్యులు కూడా పూర్తి విశ్రాంతి తీసుకోమనేవారు. మన ఇళ్ళలో నేటికీ "నువ్వు కదలకు నాన్నా" అని మంచానికే పరిమితం చేస్తాం. అది ప్రేమే గాని, మంచం మీదే ఉంటే కాళ్ళ కండరాలు కరిగిపోతాయి. అప్పుడు నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. ఆయాసానికి భయపడి మళ్ళీ పడుకుంటారు. వ్యాయామం ఈ చక్రాన్ని తెంచుతుంది. కండరాలు ఆక్సిజన్‌ను బాగా వాడుకోవడం నేర్చుకుంటాయి, రక్తనాళాలు చక్కగా విచ్చుకుంటాయి. గుండె మీద భారం తగ్గుతుంది.

అమెరికా, కెనడా, ఫ్రాన్స్ దేశాల్లో 2331 మంది రోగులపై జరిపిన హెచ్.ఎఫ్.-యాక్షన్ పరిశోధన ఫలితాలు 2009లో వచ్చాయి. తగిన పర్యవేక్షణతో చేసే వ్యాయామం ఈ రోగులకు ప్రమాదకరం కాదని, జీవితం కొంత మెరుగవుతుందని అది చూపింది.

ఎలా చేయాలి?

1. ముందు డాక్టరు అనుమతి తప్పనిసరి. జబ్బు నిలకడగా ఉన్నవారే మొదలుపెట్టాలి.
2. మొదట 5 నిమిషాలు మెల్లగా, తర్వాత 5 నుండి 10 నిమిషాలు మామూలుగా నడవాలి. చివర మళ్ళీ మెల్లగా నడిచి ఆపాలి. వారం వారం కొద్దిగా పెంచుతూ 30 నిమిషాలకు చేరాలి.
3. నడుస్తూ మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్లు.
4. భోజనం చేసిన వెంటనే, మిట్టమధ్యాహ్నం ఎండలో నడవరాదు.
5. ఛాతీనొప్పి, కళ్ళు తిరగడం, విపరీతమైన ఆయాసం వస్తే వెంటనే ఆపాలి. తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి.
6. మూడు రోజుల్లో 2 కిలోల బరువు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్లే. నడక మాని డాక్టరును కలవాలి.

మందులు మానరాదు. ఉప్పు తగ్గించాలి. ఆవకాయ, కొల్లేటి ఎండుచేపలు ఎంత ఇష్టమైనా దూరం పెట్టాలి.

మన బాధ్యత

ఇలాంటి వ్యాయామం నేర్పే ప్రత్యేక కేంద్రాలు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉన్నాయి. కామవరపుకోట చుట్టుపక్కల కూలి చేసుకునే కుటుంబానికి వారానికి మూడుసార్లు అంత దూరం వెళ్ళడం సాధ్యం కాదు. కాని డాక్టరు చెప్పిన నడకకు కావలసింది ఒక గడియారం, ఒక నోటుబుక్కు, తోడుగా ఒక మనిషి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆ తోడు మీరే కండి. రోజూ బరువు, నడిచిన నిమిషాలు రాసిపెట్టి, హాస్టల్‌కు తిరిగి వచ్చేటప్పుడు ఆ పుస్తకాన్ని చెల్లెలికో, తమ్ముడికో అప్పగించి రండి. చదువుకున్న బిడ్డ ఇంటికి చేయగల మేలు ఇదే.