ఇద్దరూ ప్లాన్ వేస్తేనే ఇద్దరి ప్రయాణం

పెళ్లయి పదేళ్లు దాటిన జంటను ‘ఈమధ్య మీరిద్దరే కలిసి ఎక్కడికి వెళ్లారు?’ అని అడగండి. తిరుపతి అంటారు, చుట్టాల పెళ్లి అంటారు. ఆ రెండింటికీ ఇంటిల్లిపాదీ వెళ్తారు. ఇద్దరే వెళ్లిన ఊరు చెప్పమంటే ఆలోచనలో పడతారు. మాసబ్ ట్యాంక్‌లో కాపురముంటూ, ఒకరు మెహదీపట్నం వైపు, ఒకరు పంజాగుట్ట వైపు రోజూ ట్రాఫిక్‌లో పరుగెత్తే భార్యాభర్తలకు నాలుగు రోజుల విరామం అవసరం. అది బాల్టిక్ తీరాన ఉన్న ఎస్టోనియా రాజధాని టాలిన్ లాంటి పాత నగరంలో దొరికితే మరీ మంచిది. అయితే ఒక్క షరతు. ప్లాన్ ఇద్దరూ కలిసి వేయాలి. ఒక్కరే వేస్తే అక్కడికెళ్లాక ఒకరు గైడు, ఇంకొకరు టూరిస్టు అయిపోతారు.

రెండు కాగితాలతో మొదలుపెట్టండి

చెరో కాగితం తీసుకోండి. ఒకరిది ఒకరు చూడకుండా, కావాలనుకునేవి మూడు, అస్సలు వద్దనుకునేది ఒకటి రాయండి. సాయంత్రం చాచా నెహ్రూ పార్కులో నడుస్తూ కాగితాలు మార్చుకోండి. ‘పొద్దున్నే లేవడం వద్దు’ అని ఆవిడ, ‘షాపింగ్ వద్దు’ అని ఆయన రాసి ఉండొచ్చు. వాదించకండి. ‘వద్దు’ అన్న రెండింటినీ ముందే కొట్టేయండి. ప్రయాణంలో రాబోయే సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

ఒక్క ఊరు చాలు

టాలిన్, పొరుగు దేశాల రాజధానులు రీగా, విల్నియస్, ఈ మూడింటి పాత పట్టణాలూ యునెస్కో వారసత్వ ప్రదేశాలే. పటంలో దగ్గరగా కనబడితే మూడూ చుట్టేయాలనిపిస్తుంది. నాలుగు రోజుల్లో అలా తిరిగితే గుర్తుండేవి బస్టాండ్లు, సూట్‌కేసులే. టాలిన్ ఒక్కటే తీసుకోండి. ఒకరోజు ‘వీరు’ అనే పాత కోట గేటు నుంచి కింది పట్టణంలోకి నడవండి. 1404లో పూర్తయిన గోతిక్ టౌన్‌హాల్, ఆ చౌకులోనే 1422 నాటికే నడుస్తున్న మందుల దుకాణం చూడండి. ఆ దుకాణంలో ఇప్పటికీ మందులు అమ్ముతున్నారు. మరునాడు టూంపియా గుట్టెక్కి, కోహ్టుఓత్స దగ్గర నిలబడి ఎర్ర పెంకుల కప్పులు చూడండి. మూడోరోజు కాద్రియోర్గ్. రష్యా చక్రవర్తి పీటర్ తన భార్య కేథరిన్ పేరు మీద 1718లో కట్టించడం మొదలుపెట్టిన భవనం, చుట్టూ పెద్ద తోట. నాలుగో రోజు ఖాళీగా వదిలేయండి.

కాలం చూసుకోండి

జూన్‌లో అక్కడ రాత్రి పదిన్నర దాటినా వెలుతురుంటుంది. డిసెంబరులో పగలు ఆరు గంటలే, పైగా గడ్డకట్టే చలి. కానీ టౌన్‌హాల్ చౌకులో క్రిస్మస్ సంత వెలిగిపోతుంటుంది. నడక ఇష్టమైతే జూన్, కాఫీ ముందు కూర్చుని కబుర్లు ఇష్టమైతే డిసెంబరు. పాత పట్టణం వీధులు రాళ్లు పరిచినవి కాబట్టి ఏ కాలమైనా ఎత్తు మడమల చెప్పులు వద్దు.

పనులు పంచుకోండి

హైదరాబాద్ నుంచి టాలిన్‌కు నేరుగా విమానం లేదు, దారిలో మారాలి. ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. పదిహేను రోజుల ముందన్నా చేసి తీరాలి. ఆ గడువు దాకా ఆగకండి. పెద్దలకు ఫీజు 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా, తిరుగు ప్రయాణం తర్వాత మూడు నెలలు చెల్లే పాస్‌పోర్టు, అందులో రెండు ఖాళీ పేజీలు ఉండాలి. వీసా పని ఒకరు, టికెట్లు, బస ఇంకొకరు చూసుకోండి. ఎవరి పని వాళ్లదే. ‘అయిందా? ఇంకా కాలేదా?’ అని వెంటపడకండి. వారానికి ఒకసారి కూర్చుని ఎంతవరకొచ్చిందో చెప్పుకోండి.

డబ్బు మాట ఇంట్లోనే

మొత్తం ఎంతో ముందే అనుకోండి. అందులోంచి చెరికొంత పక్కన పెట్టండి. దాన్ని దేనికి ఖర్చు పెట్టినా రెండోవారు లెక్క అడగకూడదు. ‘దీనికింతా?’ అన్న ఒక్క మాట దేశం కాని దేశంలో రోజంతా మూగనోము పట్టిస్తుంది. అప్పు చేసి మాత్రం వెళ్లకండి. ఈ ఏడు కుదరకపోతే నెలనెలా దాచి వచ్చే ఏడు వెళ్లండి.

గోల్కొండలో రిహార్సల్

టికెట్లు కొనేముందు ఒక ఆదివారం గోల్కొండకు వెళ్లండి. మెహదీపట్నం, టోలీచౌకీ మీదుగా దగ్గరే. బాలాహిస్సార్ దాకా మెట్లెక్కి, మధ్యాహ్నం కుతుబ్‌షాహీ సమాధుల తోటలో నడవండి. ఎవరు ముందు అలసిపోతారో, ఎవరికి ప్రతి బోర్డూ చదవాలనుంటుందో, ఎవరికి వేళకు చాయ్ పడాలో ఆ ఒక్కరోజులో తెలిసిపోతుంది. టాలిన్‌లో నడక వేగం దాన్నిబట్టి పెట్టుకోండి.

పెద్దవాళ్లతో నిజం చెప్పండి

పిల్లల్ని అమ్మమ్మ దగ్గరో నానమ్మ దగ్గరో ఉంచాలంటే ముందుగా, సూటిగా అడగండి. ‘ఆఫీసు పని’ అని సాకులు చెప్పకండి. ‘అత్తయ్యా, మేమిద్దరం నాలుగు రోజులు వెళ్లొద్దామనుకుంటున్నాం, పిల్లల్ని చూసుకుంటారా?’ అంటే కాదనే పెద్దవాళ్లు తక్కువ. అమ్మానాన్నలు ఒకరితో ఒకరు సంతోషంగా ఉండటం చూడటం పిల్లలకూ మంచి పాఠమే. అత్తయ్యగారు ప్రేమగా కట్టిచ్చే పాలకోవా, నెయ్యి మాత్రం ఇంట్లోనే ఉంచండి. పాల పదార్థాలను బయటి దేశాల నుంచి ఐరోపా సమాఖ్యలోకి తీసుకెళ్లనివ్వరు. కారప్పొడి సర్దుకోండి.

ఊరి కథ కలిసి చదవండి

1989 ఆగస్టు 23న టాలిన్ నుంచి రీగా మీదుగా విల్నియస్ దాకా సుమారు ఇరవై లక్షలమంది చేతులు పట్టుకుని నిలబడ్డారు. ఆరు వందల కిలోమీటర్ల మానవహారం అది. సోవియట్ పాలన నుంచి స్వేచ్ఛ కోరారు, రెండేళ్లకే సాధించుకున్నారు. వెళ్లేముందు రోజూ రాత్రి పావుగంట ఇలాంటిదొకటి ఒకరు చదవండి, ఇంకొకరు వినండి. ఊరు తెలిసి వెళ్తే ఫొటోల తొందర తగ్గి, మాటలు పెరుగుతాయి.

అక్కడున్నన్నాళ్లూ రోజుకు ఒక గంట ఎవరి దారిన వాళ్లు తిరగండి. ఒకరు కోటగోడ బురుజెక్కితే, ఇంకొకరు 1864 నాటి మయస్మొక్ కాఫీ హోటల్లో కూర్చోవచ్చు. మళ్లీ కలిసినప్పుడు చెప్పుకోడానికి చెరో కబురు ఉంటుంది.

ఒకరి ఇష్టం అడగడం, ‘వద్దు’ను మన్నించడం, పని పంచుకుని నమ్మడం, డబ్బు గురించి దాపరికం లేకుండా మాట్లాడుకోవడం. ప్రయాణం కోసం నేర్చుకున్న ఈ నాలుగూ పిల్లల చదువు దగ్గర, ఇల్లు కొనే దగ్గర, పెద్దవాళ్ల వైద్యం దగ్గర రోజూ పనికొస్తాయి. కాబట్టి తేదీలు తర్వాత చూసుకోవచ్చు. ఈ రాత్రి భోజనాలయ్యాక ఆ రెండు కాగితాలూ తీయండి.