బాబు వీడియో పెట్టాలా?

మేడమ్ గారూ,

మాది తెనాలి. మా ఆయన ఆటో నడుపుతారు, నేను జాకెట్లు కుడతాను. మా బాబుకు తొమ్మిదేళ్లు. నెలలు నిండకుండా పుట్టాడు, సెరిబ్రల్ పాల్సీ అన్నారు. గోడ పట్టుకుని మునివేళ్ల మీద నడుస్తాడు. చెప్పులు కొన్న రెండు నెలలకే ముందుభాగం అరిగిపోతుంది, మడమ దగ్గర మాత్రం కొత్తగానే ఉంటాయి. కాళ్లకు ఆపరేషన్ చేస్తే నడక మెరుగవుతుందని, ఐదున్నర లక్షలవుతుందని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చెప్పారు. నా పుస్తెలతాడు అమ్మినా సగం రాదు. బాబు పడిపోయి ఏడుస్తుంటే వీడియో తీసి ఫోన్లో చందాలు అడుగుదామంటాడు మా మరిది. "నా బిడ్డను బజారున పెట్టను" అని మా ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయారు. ఆలస్యమైతే ఎలాగని నాకు భయం. ఏం చెయ్యను?

– ఒక తల్లి

అమ్మా,

వీడియో విషయంలో నేను మీ ఆయన వైపే. తొమ్మిదేళ్లవాడికి అన్నీ తెలుస్తాయి. రేపు బడిలో ఎవరో ఒకరు అది వాడికే చూపిస్తారు.

అయితే డబ్బుకన్నా ముందు ఇంకో మాట. ఈ జబ్బు మూలం మెదడులో ఉంది, ఆపరేషన్ దాన్ని తీసెయ్యదు. బిగుసుకున్న కండరాలను, స్నాయువులను సడలిస్తుంది, అంతే. మరీ ఎక్కువ సడలిస్తే పిల్లలు మోకాళ్లు వంచి నడవడం మొదలుపెడతారు. అందుకే ఇంకో పిల్లల ఎముకల డాక్టరుకు కూడా చూపించండి. నెల ఆలస్యమైనా ఫర్వాలేదు. ఆపరేషన్ తర్వాత కాళ్లు మొదట నీరసిస్తాయి, నెలల తరబడి ఫిజియోథెరపీ, స్ప్లింట్లు తప్పవు. ఆ ఖర్చు, మీరు కుట్టుపని మానుకునే రోజులు ఐదున్నర లక్షల్లో కలిపారా? చాలామంది కలపరు. మీ మండలంలోని భవిత కేంద్రంలో ఫిజియోథెరపీ ఉచితం, ఇప్పుడే మొదలుపెట్టండి.

ఈ ఆపరేషన్ ప్రభుత్వ పథకమైన డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కిందికి వస్తుందేమో ఆసుపత్రిలో ఆ పథకం చూసేవారిని అడగండి. రాకపోతే ఎస్టిమేట్ కాగితంతో ఎమ్మెల్యే ఆఫీసుకు వెళ్లి, ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఎల్‌ఓసీకి, అంటే ఆసుపత్రికి ఇచ్చే ముందస్తు హామీ పత్రానికి, దరఖాస్తు పెట్టండి. ఇది ఆపరేషన్‌కు ముందే జరగాలి. సదరం (వైకల్య) సర్టిఫికెట్ ఉంటే బాబును నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాలో చేర్చండి. అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి లక్ష వరకు ఇస్తారు, కాకపోతే ముందు మీరు పెట్టుకుని బిల్లులు పంపాలి.

ఇంకా తక్కువైతే అడగండి, తప్పేముంది? మీ ఆయన ఎన్ని పెళ్లిళ్లలో చదివింపులు చదివించి ఉంటారు! ఆటో స్టాండు నుంచే మొదలుపెట్టమనండి. చదివింపుల పుస్తకంలాగే ఎవరెంత ఇచ్చారో రాసుకోండి. పెద్ద మొత్తాలు నేరుగా ఆసుపత్రి ఖాతాకే కట్టమనండి, రేపు ఒకరి చేత మాట పడక్కర్లేదు. ఫోన్లో పెట్టాలనుకుంటే బాబును అడిగి, వాడి ముఖం లేకుండా, ఆ చెప్పుల ఫోటో పెట్టండి. మీ మరిదికి ఆ పని అప్పగించండి, పాపం అతనిదీ ఆరాటమే.

ఫోటో తీశాక ఆ చెప్పులు పారేయకండి. రెండో డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు సంచిలో వేసుకెళ్లండి. ఏ కాలు ఎక్కడ ఆనుతోందో అవి చూస్తే తెలుస్తుంది.