చిన్న ట్రక్కు చెప్పు పెద్ద పాఠము

చీమకుర్తి పేరు చెప్పగానే బంగారు చుక్కల నల్లరాయి జ్ఞాపకమునకు వచ్చును. ఆ రాతిని మోయు పెద్ద లారీలును, చుట్టుపట్ల పల్లెలనుండి మిరప టిక్కీలను, పత్తి బోరెములను తెచ్చు ట్రాక్టరు ట్రక్కులును ఒకే బాటను నడుచుచున్నవి. కోతల కాలమున సరకు దించిన ట్రక్కులోనే కూలీలు నిలబడి ఇండ్లకు చేరుట పల్లెలలో నేటికిని కనబడుచున్నది. వ్యవసాయపు ట్రక్కు సరకు కొరకే గాని మనుష్యుల కొరకు ఉద్దేశింపబడినది కాదు.

2018 జూన్ నెలలో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి పలువురు స్త్రీలు మరణించిరి. 2020 మే నెలలో మన ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలములో మిరప కూలీల ట్రాక్టరు విద్యుత్ స్తంభమునకు తగిలి పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఇట్టి సంగతులను గూర్చి హెచ్చరికలు ఎన్ని చదివినను, కంట చూచినది మనస్సున నిలిచినట్లు నిలువదు. కనుక పంచాయతీ సభ్యులు తమ ఊరి ఉన్నత పాఠశాల విద్యార్థులచేత ట్రక్కు నమూనా నొకదానిని చేయించి గ్రామసభలో చూపవలెనని మేము సూచించుచున్నాము. నమూనా కొన్ని విషయములలో నిజము చెప్పును, కొన్నింటిలో మోసగించును. ఏది నిజమో, ఏది మోసమో తెలిసికొనుటయే ఈ పాఠము.

కొలతలు

ఊరిలోని నాలుగు చక్రముల ట్రక్కు నొకదానిని టేపుతో కొలిచి, ప్రతి కొలతను పదవ వంతునకు తగ్గింపవలెను. తొట్టి పొడవు 3 మీటర్లు, వెడల్పు 1.8 మీటర్లు అయినచో నమూనాకు 30, 18 సెంటీమీటర్లు వచ్చును. ఎడమ చక్రపు నడుమనుండి కుడి చక్రపు నడుమకు గల దూరము 1.5 మీటర్లయినచో నమూనాలో 15 సెంటీమీటర్లుండవలెను. ఈ దూరమును, నేలనుండి తొట్టి అడుగునకు గల ఎత్తును ఏమాత్రము తప్పనీయరాదు. పరీక్ష అంతయు వీనిపైననే ఆధారపడి యున్నది.

తొట్టికి వడ్రంగివద్ద మిగిలిన తేలిక చెక్కలు చాలును. కొండపల్లి బొమ్మలవారు తెల్ల పొణికి కర్రను వాడుదురు; అతుకులను, సందులను చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో పూడ్చుదురు. ఆ మక్కు ఇచ్చటను చక్కగా పనికివచ్చును. ఇరుసులకు 4 మిల్లీమీటర్ల ఇనుప చువ్వను వాడవలెను. సైకిలు స్పోకు బరువునకు వంగును.

రబ్బరు టైర్లు

పల్లె పిల్లలు అరిగిన హవాయి చెప్పులను గుండ్రముగా కోసి బండి చక్రములు చేసికొనుట మనమెరిగినదే. మన ట్రక్కునకును అవియే టైర్లు. మొదట 5 సెంటీమీటర్ల అడ్డుకొలతగల చెక్క బిళ్లలను నాలుగింటిని సిద్ధపరుపవలెను. పిదప చెప్పునుండి 8 సెంటీమీటర్ల బిళ్లను కోసి, నడుమ 5 సెంటీమీటర్లకు కొంచెము తక్కువ రంధ్రము చేసినచో టైరు సాగి చెక్కను గట్టిగా పట్టుకొనును. అతికించుటకు సైకిలు పంక్చరు సొల్యూషనును రెండు ముఖములకును పూసి, తడి పోయి జిగట మిగిలిన తరువాత అదుమవలెను. తడిగా నున్నప్పుడే అదిమినచో పట్టు నిలువదు. చక్రమును చువ్వకెక్కించి ఉప్పుకాగితమునకు ఆనించి త్రిప్పినచో అంచు సమమగును.

మెరుగు

రంగు వేయుట ముగిసిన తరువాతనే చక్రములను బిగింపవలెను. కిరోసిను, టర్పెంటైను తగిలిన రబ్బరు ఉబ్బి మెత్తబడును. టైరుపై రంగు పూసినచో రబ్బరు కదలినప్పుడెల్ల రంగు పగిలి రాలిపోవును. తొట్టికి మక్కు ఆరిన పిదప కర్రపోగు వెంబడి ఉప్పుకాగితముతో రుద్ది, ఒక పూత సుద్ద వేసి, అటుపై ఎనామెలు రంగును రెండు పలుచని పూతలుగా వేయవలెను. పూతకు పూతకు నడుమ ఒక దినము ఆరనీయవలెను. ఒకే మందపు పూత కారి ముడుతలు పడును.

చివర వెనుక ఎఱ్ఱని, ప్రక్కల పసుపుపచ్చని, ముందు తెల్లని మెరుపు పట్టీలను అతికింపవలెను. చీకటి గదిలో కంటిప్రక్కన టార్చిలైటు పట్టుకొని చూచినచో ఆ పట్టీలు దీపములవలె వెలుగును. వచ్చిన కాంతిని వచ్చిన వైపునకే త్రిప్పి పంపుట వాని గుణము. పిదప వానిపై బురద పూసి మరల చూడుడు. పట్టీ యున్నను లేనట్లే యగును. వారమున కొకసారి తడిగుడ్డతో తుడువవలెనని వేరుగ చెప్పనక్కరలేదు.

నమూనా చెప్పు నిజము

మీటరు పొడవుగల పలకపై ట్రక్కును అడ్డముగా నిలిపి, క్రింది చక్రములు జారకుండ ఒక పుల్లను మేకుతో బిగింపవలెను. పలక రెండవ చివరను మెల్లగా ఎత్తి, ట్రక్కు పడిపోవు ఎత్తును కొలువవలెను. మొదట ఇసుక పొట్లములను తొట్టి అడుగున పరచి చూడుడు. పిదప అవే పొట్లములను ఖాళీ అట్టపెట్టెలపైన ఎత్తుగా పెట్టి చూడుడు. బరువు మారలేదు, ఎత్తు మాత్రమే మారినది.

మొత్తము బరువునకు కేంద్రము నేలనుండి 10 సెంటీమీటర్ల ఎత్తున నున్నచో పలక చివర సుమారు 60 సెంటీమీటర్లు లేచువరకు ట్రక్కు నిలుచును. 20 సెంటీమీటర్ల ఎత్తున నున్నచో 35 సెంటీమీటర్లకే పడును. పెద్ద ట్రక్కునకును ఇదే వాలు వర్తించును, ఏలయన పడుట ఎత్తు వెడల్పుల నిష్పత్తిని బట్టి యుండును గాని పరిమాణమును బట్టి కాదు. ఎత్తుగా పేర్చిన బోరెములును, నిలబడిన మనుష్యులును కేంద్రమును పైకి లాగుదురు.

మలుపు కూడ వాలువంటిదే. 20 మీటర్ల వ్యాసార్ధముగల మలుపును గంటకు 30 కిలోమీటర్ల వేగమున తిరిగినచో ప్రక్కకు త్రోయు బలము బరువులో 35 శాతమగును. పైన చెప్పిన రెండవ ట్రక్కును పడవేయుటకు 37.5 శాతము చాలును. రోడ్డు అంచు కొంచెము కాలువవైపు వాలియున్నచో ఆ మిగిలినదియు తీరిపోవును. వేగము సగమునకు తగ్గించినచో త్రోపు నాలుగవ వంతగును.

నమూనా చేయు మోసము

ఇక మోసపు సంగతి. మీటరు ఘనముగల చీమకుర్తి రాయి దాదాపు 3 టన్నులు తూగును. 10 సెంటీమీటర్ల ఘనము దాదాపు 3 కిలోలే. కొలత పదవ వంతయినప్పుడు బరువు వెయ్యవ వంతయినది. కాని దానిని మోయు ఇరుసు అడ్డుకోత వైశాల్యము, టైరు నేలకు ఆను చోటు నూరవ వంతునకే తగ్గినవి. అందువలన నమూనాపై ఒత్తిడి పెద్దదానిలో పదవ వంతు మాత్రమే. గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథమున ఈ సూత్రమునే వివరించెను. చిన్న ట్రక్కు ఆ రాతిని సులువుగా మోసినదని పెద్ద ట్రక్కునకు మూడు టన్నులు లెక్కలేదనుకొనరాదు.

రోడ్డు విషయమును నమూనా అసలే చెప్పజాలదు. 1958 - 1960 సంవత్సరములలో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రమున జరిపిన పరీక్షలనుబట్టి, ఇరుసుపై బరువు రెట్టింపయినచో రోడ్డునకు కలుగు నష్టము రెట్టింపు గాక సుమారు 16 రెట్లగునని తేలినది. పంచాయతీ సొమ్ముతో వేసిన బాట గుంతలు పడుటకు కారణమిందు కొంత కలదు.

కావున పలక పరీక్షను గ్రామసభలో అందరి యెదుట జరిపి, ట్రాక్టరు యజమానులచేతనే పలకను ఎత్తింపవలెను. పిదప మూడు తీర్మానములు చేసికొనవచ్చును: తొట్టిపై సరకు ఎత్తునకు ఊరి హద్దు నేర్పరచుట, ప్రతి ట్రక్కునకు మెరుపు పట్టీలు వేయించుట, కోత కూలీలను ట్రక్కులో తీసికొనిపోకుండ వేరు వాహనము నేర్పాటు చేయుట. మొదటి రెండింటికి ఖర్చు స్వల్పము. మూడవదానికి ఖర్చు కలదు. అది రైతులు, కూలీలు, పంచాయతీవారు కూర్చుండి కోతలకు ముందే తేల్చుకొనవలసినది.