సిద్దిపేట ఎండకు అల్పాకా తట్టుకుంటుందా?

ప్రశ్న: మెత్తటి ఉన్ని ఇచ్చే అల్పాకాలను మా ఊళ్లో గొర్రెల్లా పెంచుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఇబ్రహీంపూర్, సిద్దిపేట జిల్లా

జవాబు: చూడ్డానికి మెడ సాగిన గొర్రెలా ఉన్నా అల్పాకా ఒంటె కుటుంబానికి చెందింది. ఆండీస్ కొండల జనం దాదాపు 6,000 ఏళ్ల కిందటే దాన్ని మచ్చిక చేసుకున్నారు. దాని మూలం వికూన్యా అనే అడవి జంతువని 2001లో వెలువడిన డీఎన్ఏ పరిశోధన తేల్చింది.

అల్పాకాల్లో రెండు జాతులు. ఉంగరాల బొచ్చుతో బొద్దుగా కనిపించేది వకాయా, పట్టుపోగుల్లా జారే బొచ్చున్నది సూరి. గొర్రె ఉన్నిలో ఉండే జిడ్డు వీటిలో చాలా తక్కువ. బొచ్చును సాధారణంగా ఏడాదికోసారి కత్తిరిస్తారు.

అసలు చిక్కు ఎండ. పెరూ, బొలీవియాల్లో సుమారు 4,000 మీటర్ల ఎత్తున, చలిగాలుల మధ్య మేసే జంతువు ఇది. 40 డిగ్రీలు దాటే మన ఎండాకాలంలో ఆ దట్టమైన బొచ్చే దానికి వడదెబ్బ తెచ్చిపెడుతుంది.

ఉన్నే కావాలంటే దక్కని నల్లగొర్రె ఉంది. దాని ఉన్ని ముతకదే. కానీ కురుమలు తరతరాలుగా ఆ ఉన్నితోనే, చింతగింజల గంజి పట్టించి, గొంగళ్లు నేస్తున్నారు. వానకూ చలికీ అదే కాపరి గొడుగు.

రాష్ట్ర ప్రభుత్వం 2017 జూన్ 20న సిద్దిపేట జిల్లా కొండపాకలోనే 75 శాతం సబ్సిడీతో గొర్రెల పంపిణీ ప్రారంభించింది. అయితే గొర్రెలన్నీ ఉన్నికి పనికిరావు; నెల్లూరు వంటి మాంసపు జాతులకు కత్తిరించేంత ఉన్ని ఉండదు. కాబట్టి అల్పాకా ఆలోచన మానుకుని, దక్కని జీవాల గురించి దగ్గర్లోని పశువైద్యుణ్ని అడగడం మేలు.