అడవి దారిలో కారు ఆగిందా? తడబడకండి!

శ్రీశైలం బయల్దేరారు. మన్ననూరు చెక్‌పోస్ట్ దాటారు. రెండు పక్కలా నల్లమల. ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోయింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు.

అప్పుడు మిమ్మల్ని ఆదుకునేది ముందే చేసుకున్న అలవాటు. అది ఎవరికైనా వస్తుంది. మీకూ వస్తుంది.

బయల్దేరే ముందు

• స్టెప్నీలో గాలి చూడండి. జాకీ, వీల్ స్పానర్ డిక్కీలో ఉండాలి.
• తాగునీళ్లు, టార్చ్, పవర్ బ్యాంక్, వార్నింగ్ ట్రయాంగిల్ ఎప్పుడూ కారులోనే ఉంచండి.
• మ్యాప్‌ను ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి.
• ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి చేరతారో ఇంట్లో చెప్పండి.
• టైమ్ ప్లాన్ చేసుకోండి. ఈ అడవి రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. గేటు పడే వేళకు లోపలికి వెళ్లి మధ్యలో ఆగిపోతే, వెనక వచ్చే బండ్లే ఉండవు. పగలే అడవి దాటేయండి.

ఆగిన మొదటి ఐదు నిమిషాలు

1. నిదానంగా ఊపిరి తీసుకోండి. భయం సహజం. చేతికి పని దొరికితే అదే తగ్గుతుంది.
2. ఇంజిన్ ఆగినా బండి ఇంకా కదులుతుంటే, అప్పుడే ఎడమ అంచుకు తీయండి. మలుపులో ఆపొద్దు. హజార్డ్ లైట్లు వేయండి. హ్యాండ్ బ్రేక్ లాగండి. ఘాట్ రోడ్డయితే చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి.
3. ట్రయాంగిల్‌ను కనీసం 50 మీటర్ల వెనక పెట్టండి. వెనక మలుపుంటే, ఆ మలుపుకు అవతలే పెట్టండి.
4. 112కి ఫోన్ చేయండి. మీ నెట్‌వర్క్ లేకున్నా, వేరే కంపెనీ సిగ్నల్ ఉంటే కలిసే అవకాశం ఉంది. జాతీయ రహదారి హెల్ప్‌లైన్ 1033. దగ్గర్లోని కిలోమీటరు రాయి మీద ఉన్నది చదివి చెప్పండి.

ఇవి మాత్రం వద్దు

• వేడి మీదున్న రేడియేటర్ మూత తీయొద్దు. మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి.
• ఇంజిన్, ఏసీ ఆన్ చేసి అద్దాలు మూసుకుని నిద్రపోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ప్రాణం తీస్తుంది.
• సిగ్నల్ కోసం అడవిలోకి నడవొద్దు. అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. బండి అంచున ఉంటే లోపలే కూర్చుని డోర్లు లాక్ చేసుకోండి. రోడ్డు మధ్యలోనే ఆగిపోతే మాత్రం దిగి, అంచుకు వచ్చి, కారుకు దగ్గర్లోనే నిలబడండి.

మైండ్‌సెట్ ముఖ్యం

“సర్వీసింగ్ చేయించమని చెప్పానా లేదా!” ఈ మాట కారులో ఎవరో ఒకరు అంటారు. ఆ పంచాయితీ ఇంటికెళ్లాక పెట్టుకోండి. ఇప్పుడు తలా ఒక పని పంచుకోండి. ఒకరు ఫోన్, ఒకరు పిల్లలు, ఒకరు ట్రయాంగిల్.

ఈ ఆదివారం ఒక్క గంట కేటాయించండి. ఇంటి ముందే స్టెప్నీ మార్చి చూడండి. ఇంట్లో అందరితో 112, 1033 బట్టీ పట్టించండి. ఒకసారి చేతులకు అలవాటైన పని, కంగారులోనూ తప్పకుండా గుర్తొస్తుంది. మొదలుపెట్టండి. మీరు చేయగలరు!